ఐదో లంకె

ఆ ఉదయం ఆకాశం పడమటివైపు మట్టిరంగు కట్టుకుంది. తూర్పు మాత్రం కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. రెండింటికీ నడుమ, రిజర్వాయరు మీదుగా, నాగటి చాలులాంటి తిన్నని గీత. గాలి లేదు. సెప్టెంబరు ఆఖరున నెబ్రాస్కాలో గాలి లేదంటే అది ఎక్కడో ఊపిరి బిగబట్టి ఉందన్నమాట. మధ్యాహ్నానికి వదులుతుంది అనుకున్నాడు ఆర్లో వోబొరిల్.

గేలం తీసుకోవడానికి ట్రక్కు తొట్టిలోకి వంగినవాడు అలాగే ఉండిపోయాడు.

ఎర్ర చుక్క కుడి పక్కన ఉంది.

తొట్టిలో రెండు ఉక్కు కడ్డీలు పడుకుని ఉంటాయి. ఎడమదానికి ఎర్ర రంగు చుక్క పెట్టుకున్నాడు. ఎడమది ఎడమనే ఉంటుంది, కుడిది కుడినే ఉంటుంది. పంతొమ్మిదేళ్ళుగా అంతే. ఇవాళ ఎవరో వాటిని తీసి, అటుదిటు పెట్టారు.

ఆర్లో వాటిని ముట్టుకోలేదు. గేలం తీసుకుని నెమ్మదిగా నిటారుగా నిలబడి, ఏమీ చూడనివాడిలా చుట్టూ చూశాడు. రిజర్వాయరు ఒడ్డునున్న ఈ క్యాంపులో ట్రైలర్లు, ట్రక్కు వెనక కట్టి లాగే ఇళ్ళు, మొత్తం పన్నెండు నిలిచి ఉన్నాయి. రెండు బళ్ళ అవతల ఓరిన్ ప్రూయిట్ తన చిన్న ట్రైలరు ముందు కుర్చీ వేసుకుని కాఫీ తాగుతున్నాడు. మిజోరీ నుంచి వచ్చాడు, ఒంటరివాడు, పొట్టివాడు. వచ్చిన రోజే అడిగాడు, "ఎంత బరువుంటుంది పెద్దాయనా నీ బండి?" అని. ఎవరైనా అడిగే మాటే. అప్పుడు ఆర్లో కూడా అలాగే అనుకున్నాడు.

ఇది మొదటిసారైతే పోనీలే అనుకునేవాడు. మంగళవారం పొద్దున ట్రక్కు వెనక, ట్రైలరు తగిలించే ఇనప గుండుకి తొడిగే టెన్నిసు బంతి అటు తిరిగి ఉంది. గ్రీజు అంటకుండా బంతిని సగం దాకా చీల్చి గుండు మీద తొడుగుతాడు. చీలిక ఎప్పుడూ డ్రైవరు వైపే పెడతాడు. ఆ రోజు రెండోవైపు ఉంది. గురువారం ట్రక్కు సీటు రెండు మెట్లు ముందుకి జరిగి ఉంది, మోకాళ్ళు స్టీరింగుకి తగిలాయి. అదే రోజు గడ్డిలో చక్రాల జాడ కూడా చూశాడు. తను ఆపినచోటు నుంచి ట్రైలరు నొగ దాకా వెళ్ళి తిరిగి వచ్చిన జాడ. ట్రక్కు తాళంచెవి ట్రైలరు తలుపు లోపల మేకుకి వేలాడుతూ ఉంటుంది. భార్య లవాన్ బట్టలు ఉతుక్కోవడానికి వెళ్ళినప్పుడు తలుపు దగ్గరికి వేస్తుందే గాని తాళం వెయ్యదు. ఎవడో తన బండి ఎలా తగిలించాలో సరిచూసుకుంటున్నాడు. పొట్టివాడు.

లేదంటే ఇంకొకటి ఉంది. దాని జోలికి పోవడం ఆర్లోకి ఇష్టం లేదు. లేదంటే ఇవన్నీ తనే చేసి తనే మరిచిపోతున్నాడు.

జూన్‌లో జరిగిందీ అలాంటిదే. ట్రైలరు నొగకి చివర టోపీ ఉంటుంది, అది ట్రక్కు వెనక గుండు మీద కూర్చుంటుంది. కూర్చున్నాక గడియ వెయ్యాలి. ఆ రోజు గడియ పడలేదు. క్యాంపు గేటు దాటుతుంటే చిన్న గతుకుకి ట్రైలరు గుండు మీంచి లేచి, ముక్కు నేలకి గుద్దుకుంది. నడక వేగం కాబట్టి సరిపోయింది. పెద్ద రోడ్డు ఎక్కాక అయితే ఏమయ్యేదో ఎవరూ పైకి అనలేదు. గేటు దగ్గరుండే ఆవిడ మధ్యలో మాట్లాడి తన ధ్యాస చెడగొట్టిందని ఆర్లో అందరికీ చెప్పాడు. కూతురు మాత్రం ఫోనులో, "డెబ్భై మూడేళ్ళొచ్చాయి నాన్నా. ఇంకొక్కసారి ఇలాంటిది జరిగితే నేనే వచ్చి ఆ ట్రైలరు అమ్మించేస్తాను" అంది. లవాన్ ఏమీ అనలేదు. అదే ఆర్లోకి ఎక్కువ గుచ్చుకుంది.

రేపు బయలుదేరాలి. రెండున్నర రోజుల దారి, టెక్సస్ తీరం, మార్చి దాకా ఎండ. మొక్కజొన్న చేలో నలభై అయిదేళ్ళు నిలబడ్డ మనిషికి ఆ చలికాలపు ఎండ ఒక్కటే మిగిలింది. అది ఉండాలంటే ట్రైలరు తగిలించే చెయ్యి తనదే కావాలి, ఆ చేతికి మరుపు రాకూడదు.

దొంగ ఉంటే బావుణ్ణు. ఉండి తీరాలి.

ట్రైలరులోకి వెళ్ళాడు. లవాన్ కాఫీ పోసింది.

"ట్రక్కు తొట్టిలో నువ్వేమైనా వెతికావా?"

"నాకక్కడేం పని? నీ ఇనపసామాను మీద నా నీడ పడినా తిడతావుగా."

"ఎవరైనా అటు రావడం చూశావా?"

"ఉడతొకటి వచ్చింది. పట్టుకుని అడగనా?"

ఆర్లో నవ్వలేదు. ఆమె కుడిచేతి వేలి కణుపు మీద పట్టీ వేసి ఉంది. "వేలికేమైంది?"

"దుంపలు చెక్కుతుంటే గీసుకుంది."

ఆర్లో కాఫీ తాగాడు. నాలుగు రోజులుగా ఈ ఇంట్లో దుంప అన్నది ఉడకలేదు. సూపు తాగారు, గుడ్లు తిన్నారు, నిన్న బీన్సు డబ్బా తెరిచారు. నలభై ఆరేళ్ళ కాపురంలో లవాన్ తనతో అబద్ధం ఆడగా వినలేదు. ఇప్పుడు విన్నాడు, అదీ దుంపల గురించి. అనుమానం పెనుభూతం అంటారు. భూతానికి ఇప్పటిదాకా ఒక్కటే తల ఉండేది. ఇప్పుడు రెండోది మొలిచింది.

గేలం భుజాన వేసుకుని కావాలనే ఓరిన్ ముందు నుంచి నడిచాడు.

"చేపలకేనా పెద్దాయనా?"

"అవును. ఇవాళ ఆనకట్ట దాకా పోతున్నా. భోజనాల వేళ దాటితే గాని రాను."

"భోజనాల వేళ దాటాకా? కచ్చితంగానా?"

"ఎందుకడుగుతున్నారు?" ఓరిన్‌ని ఆర్లో ‘మీరు’ అనే అంటాడు. దగ్గరికి రానివ్వకూడదనుకున్నవాళ్ళకి ఆయన మర్యాదని కంచెలా అడ్డం వేస్తాడు.

"ఊరికే. ఆరు రోజులుగా పడుతున్నావు, ఒక్క ముల్లు కూడా మేం చూడలేదు."

"మేం అంటే ఎవరెవరు?"

ఓరిన్ కాఫీ కప్పులోకి చూసుకున్నాడు. "మేం అంటే... ఇక్కడుండేవాళ్ళం. పిల్లులు, ఉడతలు."

ఉడతలు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టుంది. ఒకే ఉడత ఇద్దరి నోళ్ళలోకీ ఎలా దూరిందా అని ఆలోచించుకుంటూ ఆర్లో నీటివైపు దిగాడు. మలుపు దాటగానే ఒడ్డు వదిలి పక్కనున్న ఇసుకదిబ్బ ఎక్కి, సీడరు పొద వెనక బోర్లా పడుకున్నాడు. గొడ్లను కనిపెట్టడానికి ఇలా పడుకునేవాడు, ఎప్పటి మాటో. మనుషుల్ని కనిపెట్టడం ఇదే మొదలు. గడ్డి మోచేతులకి గుచ్చుకుంది. సిగ్గు కూడా.

ఎంతోసేపు కాలేదు. ఓరిన్ కుర్చీలోంచి లేచాడు. ఆనకట్ట వైపు ఒకసారి చూశాడు. నేరుగా వెళ్ళి ఆర్లో ట్రైలరు తలుపు మీద రెండుసార్లు కొట్టాడు. లవాన్ వెంటనే బయటికొచ్చింది, తలుపు వెనకే నిలబడి ఉన్నట్టు. ఆమె చేతులకి ఆర్లో తోలు తొడుగులున్నాయి. తాళంచెవి ఎండకి మెరిసింది. ఓరిన్ ఏదో అన్నాడు. ఆమె నవ్వింది. ఆ నవ్వు దిబ్బ మీదికి వినపడలేదు గాని, ఆమె తల వెనక్కి వాల్చడం కనపడింది.

తర్వాత ఆమె ట్రక్కు ఎక్కింది. ట్రక్కు మెల్లగా వెనక్కి, ట్రైలరు వైపు జరగసాగింది. ఓరిన్ వెనక నిలబడి చేతులూపుతున్నాడు, రా, రా, రా.

వెళ్ళిపోతున్నారు అనుకున్నాడు ఆర్లో. ట్రైలరుతో సహా.

డెబ్భై మూడేళ్ళ మనిషి దిగే వాలు కాదది. దిగాడు. ఒకచోట కూలబడి, గేలం వదిలేసి, మళ్ళీ లేచాడు. చదునుకొచ్చి, తిట్టడానికి నోరు తెరిచాడు.

ఓరిన్ ఆయన్ని చూసి అదిరిపడ్డాడు. కాని వెంటనే అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ష్. ఆమె తగిలిస్తోంది."

ఆర్లో నోరు మూసుకున్నాడు.

బళ్ళవాళ్ళలో ఇది రాసిపెట్టని చట్టం. ట్రైలరు తగిలిస్తున్న మనిషిని పలకరించకూడదు. కబురు చెప్పకూడదు, సాయం చెయ్యబోకూడదు, నిప్పంటుకుంటే తప్ప. తొమ్మిది పనుల్లో ఒక్కటి జారిందంటే అది రోడ్డు మీదే తెలుస్తుంది. ఈ చట్టాన్ని ఆర్లో కన్నా గట్టిగా పట్టినవాడు లేడు. కాఫీ తీసుకొచ్చిన పెళ్ళాన్ని కసిరాడు, పలకరించిన పాదిరీని కసిరాడు. ఇప్పుడు తన ట్రైలరు ముందే, తన కోపం నోటినిండా పెట్టుకుని, పొట్టివాడి అరచెయ్యి ముందు నిలబడ్డాడు.

లవాన్ తల తిప్పలేదు. నొగ దగ్గర వంగి ఉంది. జాకీ తిప్పి టోపీని గుండు మీదికి దించింది. ఒక్కో పనీ కాగానే అరచేత్తో దాన్ని తడుతూ పేరు పైకే చెబుతోంది, పచ్చడి జాడీలు లెక్కపెట్టుకునేటప్పుడు చెప్పుకున్నట్టు.

"టోపీ. గడియ. చీల. అడ్డగొలుసు, ఇంకో అడ్డగొలుసు. కరెంటు తీగ."

ఆర్లో చూశాడు. చూడకుండా ఉండలేకపోయాడు. నొగను ఊరికే గుండు మీద పెట్టి లాగితే ఆ బరువుకి ట్రక్కు తోక కుంగి ముక్కు లేస్తుంది, ముందు చక్రాలకి నేల పట్టు తప్పుతుంది. అందుకే గుండు కిందనుంచి నొగకి రెండు పక్కలా ఆ ఉక్కు కడ్డీలు దూరుస్తారు. ఒక్కోదాని చివర పదకొండు లంకెల గొలుసు ఉంటుంది. గొలుసు పైకి లాగి నొగ మీది కొక్కేనికి తగిలిస్తే కడ్డీ విల్లులా వంగి, వెనక పడ్డ బరువులో కొంత ముందు చక్రాల మీదికి నెడుతుంది. ఆ వంపు మంచిది కాదు. అదను తప్పితే మోకాలి చిప్ప తీసుకుపోతుంది.

ముందు జాకీతో ఎత్తడం మర్చిపోతుంది అనుకున్నాడు. మర్చిపోవాలనే అనుకున్నాడో ఏమో.

మర్చిపోలేదు. కడ్డీలు రెండూ దూర్చి, నొగనీ ట్రక్కు తోకనీ కలిపి జాకీతో పైకి లేపింది. గొలుసు వదులైంది. ఇనప గొట్టం కొక్కేనికి తొడిగి, ఒంటిని పక్కకి తప్పించి, పైకి ఎత్తింది. కొక్కెం టక్కున కూర్చుంది. రెండో పక్కా అంతే. పిన్నులు గుచ్చింది. జాకీ దించింది. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, "అయింది" అంది.

అప్పుడు తిరిగి చూసింది.

"ఎప్పుడొచ్చావు?"

"గడియ దగ్గర."

"చేపలేవీ?"

"ఆ మాట నేనడగాలి. ఏమిటిదంతా? ఈయనెవరు?"

"ఓరిన్ నా పేరు," అన్నాడు ఓరిన్. "ఆరు రోజులుగా చెబుతూనే ఉన్నా."

"నా బండి ఎత్తుకుపోతున్నారనుకున్నా."

"నాదాన్ని లాగలేకే చస్తున్నానయ్యా. నీ ఏనుగుని తీసుకెళ్ళి ఎక్కడ కట్టుకోను?"

లవాన్ మొగుడి మొహంలోకి చూసింది. మోకాళ్ళ మీది ఇసుక చూసింది. చొక్కాకి అంటుకున్న సీడరు ఆకు చూసింది. "బండి ఒక్కటేనా ఎత్తుకుపోతున్నాడనుకున్నావు?"

ఆర్లో చొక్కా మీది ఆకు దులుపుకున్నాడు.

"ఓరి ముసలోడా," అంది, నవ్వు ఆపుకుంటూ. "నాకు అరవై ఎనిమిది. వెనక్కి వంగితే ముందుకి రావడానికే అరగంట పడుతోంది."

ఓరిన్ దగ్గి అటు తిరిగాడు. ఆమె నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. చేతి తొడుగులు తీసి నొగ మీద పెట్టింది.

"జూన్‌లో నేను నీ పక్క సీట్లో కూర్చున్నాను, ఆర్లో. ఎక్కేముందు ఆ గడియ పైకి లేచి ఉండటం చూశాను. కళ్ళారా చూశాను. చూసినా అదేంటో నాకు తెలీలేదు. అలాగే ఉంటుందేమో అనుకుని వెళ్ళి కూర్చున్నాను. మళ్ళీ అలా గుడ్డిదానిలా కూర్చోను. అందుకే నేర్చుకుంటున్నా."

"నన్నడిగితే నేర్పనా?"

"జూలైలో అడిగాను. కాలు తియ్యి అక్కణ్ణుంచి అన్నావు."

అన్నాడు. గుర్తుంది.

ఏం చెయ్యాలో తోచక ఆర్లో గొలుసు మీదికి వంగాడు. లెక్కపెట్టడం అలవాటు. కడ్డీ దగ్గర మొదలుపెట్టి వేలితో ఒక్కో లంకెనీ ముట్టుకుంటూ పోయాడు. ఏడో లంకె దగ్గర వేలు కొక్కేనికి తగిలింది. మళ్ళీ లెక్కపెట్టాడు. ఏడు.

"ఎన్నోదానికి తగిలించావు?"

"ఐదోదానికి. నువ్వు ఎప్పుడూ పైకి అనుకుంటూనే లెక్కపెడతావుగా. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు, టక్. మంచం మీదున్నా వినపడుతుంది."

"ఐదు ఎటునుంచి?"

లవాన్ ఓరిన్ వైపు చూసింది. ఓరిన్ గొలుసు వైపు చూశాడు.

"తోకనుంచి," అన్నాడు. "మావైపు అంతే లెక్క. చేతిలో ఉండేది తోకేగా."

"మావైపు కడ్డీనుంచి."

ఆర్లో ట్రక్కు వెనక చక్రం దగ్గరికి వెళ్ళి, చక్రానికీ పై రేకుకీ నడుమ చెయ్యి పెట్టాడు. బెత్తెడు, అంటే నాలుగు వేళ్ళు పట్టాలి. మూడు వేళ్ళే పట్టాయి. తోక కుంగింది. రెండు లంకెల తేడా. ఇలా రోడ్డెక్కితే, పడమట రేగబోయే ఆ గాలి ట్రైలరుని కుక్కతోకలా ఊపేది. ముందు చక్రాలు తేలిపోయి ఉంటాయి కనక స్టీరింగు ఎటు తిప్పినా వినేది కాదు.

చేతికి చిక్కింది గెలుపు. ఒక్క మాట చాలు. చూశావా, ఇది నీ పని కాదు అంటే చాలు, ఓరిన్ వెళ్ళిపోతాడు, లవాన్ తొడుగులు తెచ్చి ఇచ్చేస్తుంది, అంతా జూన్‌కి ముందులా అయిపోతుంది. లవాన్ ఆ మాట కోసమే చూస్తున్నట్టుంది. గడ్డం కొంచెం పైకెత్తి నిలబడింది.

ఆర్లో ఆ మాట అనబోయి, ముందు ఇంకొకటి తేల్చుకుందామనుకున్నాడు.

"కడ్డీలు మార్చి పెట్టింది నువ్వేనా?"

"నేనే. ఎరుపు ఎటో తికమక పడ్డాను."

"సీటు?"

"నేనే. నీ సీట్లో నా కాళ్ళు ఎక్కడందుతాయి?"

"మంగళవారం బంతి చీలిక అటు తిరిగి పెట్టావు."

"మంగళవారమా?" ఆమె ఓరిన్ వైపు తిరిగింది. "మనం మొదలుపెట్టింది బుధవారం కదూ?"

"బుధవారమే. మంగళవారం నేను పంటికోసం ఊళ్ళోకి పోయా, పొద్దంతా అక్కడే."

"మంగళవారం ఎవరూ ముట్టుకోలేదు, ఆర్లో. సోమవారం మనం కిరాణా కొట్టునుంచి వచ్చాక నువ్వే తొడిగావు."

ఆర్లో ట్రక్కు రేకు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. సోమవారం తొడిగాడు, గుర్తుంది. చీలిక తనవైపు పెట్టాడు, అదీ గుర్తుంది. రంగుతో సహా గుర్తుంది. పడమటి మట్టిరంగు ఆకాశంలో సగం దాకా ఎక్కింది. మొదటి గాలి తెర నీటి మీద గరుకుగా పాకుతూ వచ్చి, చెట్టాకుల్ని వెనక్కి తిప్పింది.

"గేటు దగ్గరావిడ నాతో మాట్లాడలేదు," అన్నాడు.

లవాన్ నొగ మీది తొడుగులు చేతిలోకి తీసుకుంది.

"జూన్‌లో. ఎవ్వరూ మాట్లాడలేదు. ఆవిడ తన గదిలోంచి బయటికే రాలేదు. గడియ వేశాననుకున్నా. వేసినట్టే గుర్తుంది. ఇప్పటికీ వేసినట్టే గుర్తుంది. అదే నాకు..."

లవాన్ పూర్తి చెయ్యమని అడగలేదు. ఓరిన్ టోపీ తీసి, లోపల ఏదో రాసి ఉన్నట్టు చూసుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు.

"విప్పు," అన్నాడు ఆర్లో. "ముందు జాకీ ఎత్తి విప్పు. మళ్ళీ తగిలించు. కడ్డీనుంచి ఐదు. తోక మాట మర్చిపో."

ఆమె తొడుగులు వేసుకుంది. జాకీ ఎత్తింది. గొట్టం రెండు చేతులా అదిమిపట్టి కొక్కేన్ని కొంచెం కొంచెంగా దించింది, అది ఎగిరి తన్నకుండా. ఆర్లో ట్రైలరు బయటున్న చెక్కబల్ల మీద కూర్చున్నాడు. చేతులకి పని లేకపోతే ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు. గాలి ఆమె జుట్టుని మొహం మీదికి కొడుతోంది, ఆమె వెనక్కి తోసుకుంటూ లంకెలు లెక్కపెడుతోంది. ఈసారి కడ్డీ దగ్గరనుంచి. రెండో పక్క గొలుసు ఒక లంకె తక్కువగా పట్టుకోబోయి, తనే ఆగి, తనే సరిచేసుకుంది. ఆర్లో పెదవులు కదిలాయి గాని మాట బయటికి రాలేదు.

ఆమె జాకీ దించి, వెనక చక్రం మీద చెయ్యి పెట్టింది. "నా చెయ్యి చిన్నది. నాకు బెత్తెడు మీద ఇంకో వేలు పడుతోంది."

"అయితే నీ లెక్క ఐదు వేళ్ళు," అన్నాడు ఆర్లో. "అదే గుర్తుపెట్టుకో. రేపు నువ్వు తగిలించు. నేను చుట్టూ తిరిగి చూస్తా. నేను అయిందన్నాక నువ్వు ఇంకోసారి తిరిగి చూడు."

"నువ్వు నడుపుతావా?"

ఆయన పడమటివైపు చూశాడు. "గాలి లేనిచోట నువ్వు కొంచెం నడుపు. చూద్దాం."

"పెద్దాయనా," అన్నాడు ఓరిన్, వెళ్ళడానికి ఒక కాలు వెనక్కి వేస్తూ. "మావైపు లెక్కలతో నీ పెళ్ళాన్ని రోడ్డు మీద పడేసేవాణ్ణి. చెప్పకపోతే నాకు తెలిసేదే కాదు."

"నువ్వు లేకపోతే తనకి మొదలే తెలిసేది కాదు," అన్నాడు ఆర్లో. మీరు పోయి నువ్వు వచ్చింది. అది ముగ్గురికీ వినపడింది. "ఎక్కడికి పోతావు ఈ గాలిలో? లోపలికి రా."

ట్రైలరు లోపల ముగ్గురికి బల్ల ఇరుకు. ఓరిన్‌ని కిటికీ పక్కకి తోసి, ఆర్లో అంచున కూర్చున్నాడు. లవాన్ ఇంటి దగ్గర చేసి గడ్డకట్టించి తెచ్చిన రొట్టెలు పొయ్యిలో వేడిచేసింది. మాంసం, క్యాబేజీ కూరి మూసిన రొట్టెలు, అడుగు కొంచెం మాడాయి. దోసకాయ ఊరగాయ జాడీ మూత రాకపోతే ఆర్లో ముందుకి జరిపింది. ఆయన తిప్పాడు, రాలేదు. ఓరిన్‌కి ఇచ్చాడు. ఓరిన్ తిప్పాడు, వచ్చింది.

గాలి ట్రైలరు పక్కలు పట్టుకుని ఊపుతోంది. కింద నొగ దగ్గర గొలుసులు సన్నగా మోగుతున్నాయి. మూడో రొట్టె సగానికి విరిచి, ఒక ముక్క ఓరిన్ పళ్ళెంలోకి, ఒక ముక్క మొగుడి పళ్ళెంలోకి వేసింది లవాన్. ఆవిరి లేస్తోంది. తలలు వంచుకుని తిన్నారు.